వేళ్ళ వరస

రోజు 1

కంటిచూపు పరీక్షించే చదువు, ఆప్టోమెట్రీలో చేరినప్పుడు నన్ను చూసి నవ్వనివాళ్ళు లేరు. అయిదేళ్ళు నిండిన ప్రతి బిడ్డ కంటికీ సన్నటి రేకు అంటిస్తున్న కాలం ఇది. పవరు ఎంత మారినా రేకు దానంతటదే సర్దుకుంటుంది, దారి చూపిస్తుంది, బోర్డులు చదివి పెడుతుంది. అలాంటప్పుడు ఇంకా అక్షరాల చార్టు పట్టుకుని కూర్చునే చదువేమిటని అందరి గోల. మా పిన్నయితే, "పోనీ జోస్యం నేర్చుకో వకుళా, ఎవరైనా వస్తారు" అంది.

నాలుగేళ్ళు గడిచాయి. మా బ్యాచ్‌లో పదకొండు మందిమి, ఖాళీలు అరవై నాలుగు. కాలేజీ గేటు దాటకముందే మూడు కంటి పరీక్ష కేంద్రాలవాళ్ళు నా చేతిలో ఉత్తరాలు పెట్టారు. నా మార్కులు నాకు తెలుసు. ఉత్తరాలు తిరగేసి వెనకవైపు కూడా చూశాను, ఏమైనా చిన్నక్షరాల్లో రాసి ఉందేమోనని.

కారణం చెప్పారు, కాదనను. ఈ కొండల్లో పిడుగు పడితే రేకులు రెండు మూడు నిమిషాలు ఆగిపోతాయి. ఆరేళ్ళ కిందట అలా ఆగినప్పుడు, కొండల మధ్య తీగకి వేలాడే తీగబండి నడిపే మనిషికి అసలు చూపే లేదని తేలింది. ఎప్పుడో పోయిందట. పోయిన చోటల్లా రేకు బొమ్మ నింపేస్తుంటే అతనికే తెలియలేదు. ఆ మూడు నిమిషాల్లో పంతొమ్మిది మంది చనిపోయారు. రెండేళ్ళు విచారించారు. నేను చదువులో చేరిన ఏడాది నుంచి బండ్లు, క్రేన్లు నడిపే ప్రతి మనిషికీ ఆరునెలలకోసారి రేకు తీసి పరీక్ష చెయ్యాలి, చేసే మనిషికీ రేకు ఉండకూడదు. రేకు లేని మనుషులెవరు? మేమే. చదువులో చేరిన రోజే మా రేకులు తీసేస్తారు.

అంతా సబబుగానే ఉంది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఇంత మంచి ఉద్యోగం ఊరికే ఎవరిస్తారు?

ఆరునెలల శిక్షణలో ఈ పుస్తకం రోజూ చేత్తో రాయాలట. నూట ఎనభయ్యో రోజున బోర్డువాళ్ళు దీన్ని తీసుకుని, చివరి పరీక్ష పెట్టి, లైసెన్సు ఇస్తారట.

రోజు 9

మబ్బులమెట్ట కేంద్రంలో ఉన్నది ముగ్గురమే. మాకు పని నేర్పే హేమనళిని మేడమ్, నాతో చదివిన జరీనా, నేను. మేడమ్‌కి యాభై ఆరేళ్ళు. కళ్ళద్దాలు రాసిచ్చిన ఆఖరి తరం ఆవిడది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. అలాంటివాళ్ళ దగ్గర జాగ్రత్తగా ఉండాలని నా అభిప్రాయం.

పొద్దున్నే వాన నీళ్ళు కాచి వడగట్టడం నా పని. ఆ నీళ్ళతో లెన్సుల పెట్టెలోని అద్దాలన్నీ కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్ళీ నంబర్ల ప్రకారం పెట్టాలి. పొగమంచు చుట్టంలా లోపలికొచ్చి కూర్చుంటుంది కాబట్టి గంటకల్లా అన్నీ మళ్ళీ మసకే.

చూపు ఎంత మేర ఉందో కొలిచే యంత్రాలు రేకులొచ్చాక పాత ఇనుముకు పోయాయి. పెద్దాసుపత్రిలో ఒక్కటి మిగిలిందట. మాకు మాత్రం వేళ్ళే దిక్కు. వచ్చినవాళ్ళని ఎదురుగా మోకాళ్ళు తగిలేలా కూర్చోబెట్టి, ఒక కన్ను మూయించి, నా ముక్కునే చూడమంటాను. నాలుగు మూలలా వేళ్ళు చూపించి ఎన్నని అడుగుతాను. పైన కుడివైపు రెండు, పైన ఎడమవైపు ఒకటి, కింద కుడివైపు అయిదు, కింద ఎడమవైపు రెండు. నాలుగేళ్ళు కాలేజీలో ఇదే చేశాం, ఇక్కడా ఇదే.

"ఎప్పుడూ అదే వరస ఎందుకు మేడమ్?" అని అడిగాను.

"అన్ని కేంద్రాల రికార్డులూ ఒకేలా ఉండాలని బోర్డు రాసింది."

"ఎప్పుడు రాసింది?"

"నువ్వు పుట్టకముందు. పోయి అద్దాలు తుడువు."

రోజూ కేంద్రం తెరవకముందు నేనూ జరీనా ఒకరి మీద ఒకరం సాధన చేస్తాం. ఆ పిల్ల చేతులు లేపుతూనే ఉంటుంది, నేను రెండు, ఒకటి, అయిదు, రెండు అంటూనే ఉంటాను. మధ్యలో రాత్రి వండిన కూర గురించి కూడా మాట్లాడుకుంటాం.

రోజు 41

ఇవాళ తీగబండివాళ్ళు వచ్చారు. మొదటివాడి పేరు అప్పలసూరి. కింద ఊళ్ళని సముద్రం తీసుకున్నప్పుడు వీళ్ళ తాతలు కొండెక్కారు, ఎక్కినప్పట్నుంచి తీగ మీదే బతుకు. మనిషి కుర్చీలో నిలవలేదు. నేను చెయ్యి ఎత్తి వేళ్ళు విప్పేలోపే లెక్క అప్పజెప్పేశాడు.

"రెండు, ఒకటి, అయిదు, రెండు. అయిపోనాదా అమ్మా? కింద బండి ఎదురుసూస్తంది."

"నా వేళ్ళు ఇంకా విప్పలేదు!"

"ఇప్పుతావు కదేటి?" అని నవ్వాడు.

రెండో కంటికీ అంతే. కోపం వచ్చింది కానీ ఏం చేస్తాను? నాలుగూ సరిగ్గానే ఉన్నాయి. "సరిపోయింది" అని రాసి సంతకం పెట్టాను, దాని కింద మేడమ్ పెట్టింది. ఒక్కో బండిలో నలభై మంది ఎక్కుతారు. దింపే చోట ఆఖరి ఇరవై బారలు చేత్తోనే బ్రేకు వెయ్యాలట.

రోజు 63

ఎవరో నా స్టూలు జరుపుతున్నారు.

ఇవాళ మూడోసారి దాన్ని తన్నుకున్నాను. నేను వెళ్ళేటప్పుడు దారిలో స్టూలు లేదు. ఒట్టేసి చెప్పగలను, లేదు. కాలికి తగిలాక వంగి చూస్తే అక్కడే ఉంది, బుద్ధిమంతురాలిలా. గదిలో జరీనా తప్ప ఎవరూ లేరు.

"నువ్వు జరిపావా?"

"నాకు వేరే పని లేదా?" అంది ముఖం చిట్లించి.

లేదనే నా అనుమానం. హార్బరు కేంద్రంలో పోస్టుకి మా ఇద్దరికీ ఉత్తరాలు వచ్చాయి. అక్కడ ఖాళీ ఒక్కటే. మిగతా ఖాళీలన్నీ ఇలాంటి మబ్బుల్లోనే.

రోజు 80

మెట్ల మీద జారిపడ్డాను. కేంద్రం ముందు ఎనిమిది మెట్లున్నాయి, రోజూ దిగేవే. కింది మెట్టు ఇవాళ ఉండవలసిన చోట లేదు. మోకాలు చెక్కుకుపోయింది. మేడమ్ దూది, మందు తెచ్చి తనే కట్టు కట్టింది. కడుతూ నా ముఖంలోకి ఒకటికి రెండుసార్లు చూసింది. పడిన మనిషి మోకాలు చూడాలి గానీ ముఖం ఎందుకు చూడటం?

పనికిరాని పిల్లని బోర్డుకి రాయబోతోందేమో. జరీనా ఎప్పుడూ పడదు, దేన్నీ పడెయ్యదు.

రోజు 97

మేడమ్ ఈ పుస్తకం చదువుతోంది. నిన్న పేజీల మధ్య ఒక ఆవగింజ పెట్టాను. పొద్దున చూస్తే బల్ల మీద ఉంది. నేర్పేవాళ్ళు శిక్షణ పుస్తకం చదవకూడదని నిబంధన. మేడమ్, ఇది కూడా చదువుతుంటే నమస్కారం. స్టూలు ఎవరు జరుపుతున్నారో మీకు తెలిస్తే పక్కన రాసి పెట్టండి.

రోజు 124

ఇవాళ జరీనాని ఏడిపించాను. పొద్దున నడవాలో ఎర్ర బకెట్టు పెట్టారు, నిండా నీళ్ళతో. నేను నేరుగా వెళ్ళి దాన్ని తన్నేశాను. నీళ్ళన్నీ కింద పెట్టిన లెన్సుల పెట్టె మీద పడ్డాయి. ఇంతెత్తు బకెట్టు, అదీ ఎర్రది, నడవా మధ్యలో ఉంటే కనపడకుండా ఎందుకుంటుంది? నేను వస్తుండగా అప్పుడే తోసి ఉండాలి.

"హార్బరు పోస్టు నీకే కావాలంటే నోటితో అడుగు. ఇలా కాళ్ళకి అడ్డం పెట్టకు" అన్నాను.

జరీనా కళ్ళ నిండా నీళ్ళు. "నేను ఇప్పుడే వచ్చాను వకుళా, నా గొడుగు చూడు, ఇంకా కారుతోంది" అంది.

గొడుగు నిజంగానే కారుతోంది. తలుపు దగ్గర మేడమ్ నిలబడి ఉంది. బకెట్టు తనే పెట్టానంది. ఎందుకు పెట్టారంటే గుడ్డ తెచ్చి నీళ్ళు తుడవసాగింది. అయితే ఇన్నాళ్ళూ ఈవిడేనన్నమాట. నా అనుమానం నిజమే, మనిషే తప్పు.

రోజు 149

హార్బరువాళ్ళు పోస్టు నాకే ఖాయం చేశారు. జరీనా మబ్బులమెట్టలోనే ఉంటానందట. ఉత్తరం నాలుగుసార్లు చదివాను. పిన్ని ఊరంతా చెప్పిందట, జోస్యం మాట మర్చిపోయి.

ఈ ఉద్యోగం నాకు కావాలి. ఎప్పుడూ ఇంత గట్టిగా ఏదీ కోరుకోలేదు. లైసెన్సు రానివాళ్ళకి మళ్ళీ రేకు అంటిస్తారు, అది నాకు మరీ భయం. రేకు తీసిన మొదటిరోజు హాస్టలు కిటికీ మీద దుమ్ము చూశాను. అప్పటిదాకా ఆ దుమ్మంతా రేకు తుడిచేసి చూపించేదని తెలిసింది. అరగంట ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాను. నాలాంటి అనుమానపు మనిషికి, కంటికి కనిపించేదాంట్లో ఏది నిజమో ఏది నింపిందో తెలియకుండా బతకడం నరకం.

రోజు 168

పరీక్షకి పన్నెండు రోజులుంది. ఇవాళ జరీనా రాకముందే మేడమ్ నన్ను కుర్చీలో కూర్చోమంది.

"రోజూ చేస్తున్నాం కదా మేడమ్?"

"నాతో చెయ్యలేదుగా. కుడి కన్ను మూసుకో. నా ముక్కు చూడు."

పైన కుడివైపు. "రెండు." పైన ఎడమవైపు. "ఒకటి." కింద కుడివైపు. "అయిదు." కింద ఎడమవైపు. "రెండు."

నేను ఇంకా మేడమ్ ముక్కే చూస్తున్నాను. ఆ ముక్కు కొంచెం ఎర్రబడింది.

"వకుళా, ఇప్పుడు కళ్ళు దించి చూడు. నా చేతులు ఎక్కడున్నాయి?"

చూశాను. ఆవిడ చేతులు రెండూ వీపు వెనక ఉన్నాయి.

"మీరు ఇప్పుడే వెనక్కి తీశారు."

"మొదటి రెండూ చూపించాక తీసేశాను. కింద నేను అసలు చెయ్యే పెట్టలేదు."

మళ్ళీ చేశాం. రెండో కంటికీ చేశాం. వరస తప్పించి చేసేసరికి కింద ఉన్నవాటిలో ఒక్కటీ చెప్పలేకపోయాను. అబద్ధం చెప్పాలని నేను ఎప్పుడూ అనుకోలేదు. ఆ అయిదు వేళ్ళూ నాకు కనిపించాయి. చూపు పోయిన చోట నల్లగా ఉండదనీ, పోయినట్టే తెలియదనీ, తెలిసిన బొమ్మతో మెదడు దాన్ని నింపేస్తుందనీ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను.

"మీరెప్పుడు కనిపెట్టారు?"

"నీ పుస్తకంలో. స్టూలు, మెట్టు, అన్నీ మోకాలి కిందవే. చదవకూడదని నాకూ తెలుసు. తర్వాత బకెట్టు పెట్టి చూశాను. అయినా నాకు నమ్మబుద్ధి కాలేదు, ఇన్నాళ్ళు నాన్చాను. అది నా తప్పే."

నాకు ఆవిడ మీద విపరీతమైన కోపం వచ్చింది. ఎందుకో ఇప్పటికీ చెప్పలేను.

రోజు 170

పెద్దాసుపత్రిలో యంత్రం మీద చూశారు. రెండు కళ్ళలోనూ ప్రెషరు ఎక్కువ, చాలాకాలంగా ఉందట. కంటి నరం పైభాగం ఎండిపోయింది, అందుకే కింది చూపు పోయింది. పోయింది రాదు. రోజూ చుక్కల మందు వేసుకుంటే ఉన్నది నిలబడొచ్చు. అక్షరాల చార్టు ఆఖరి వరసదాకా గడగడా చదివాను. డాక్టరు నా భుజం తట్టాడు. వయసు రాసేటప్పుడు ఒకసారి ఆగి, "ఇరవై మూడేనా?" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మేడమ్‌ని అడిగాను, బోర్డుకి రాస్తారా అని.

"నేను రాయను. పుస్తకం నీది" అంది.

రోజు 171

మేడమ్ చెప్పిందేమో, నేను నోరు తెరవకముందే జరీనా ఉపాయం చెప్పింది. నేను తిట్టిన తిట్లన్నీ మర్చిపోయినట్టుంది.

"పరీక్షలో మన కళ్ళు కూడా చూస్తారు. ఎలా చూస్తారు? అదే వరస. నాలుగు అంకెలు చెప్పి లైసెన్సు తీసుకో. ఆ తర్వాత నీది కుర్చీలో కూర్చునే పని, మెట్లెక్కే పని కాదు. ఇది కొత్త పుస్తకం, ఈ నూట డెబ్భై రోజులూ మళ్ళీ రాసేద్దాం. నేను కూడా కూర్చుంటాను."

వద్దని చెప్పలేదు. ఈ పుస్తకంలో ఇన్నాళ్ళూ అందరి మీదా రాశాను కాబట్టి నా మీద కూడా రాస్తున్నాను. సాయంత్రం దాకా కూర్చుని కొత్త పుస్తకంలో మొదటి నలభై రోజులు రాశాను. అనుమానాలు లేవు, సణుగుళ్ళు లేవు. చాలా శుభ్రంగా వచ్చింది.

తర్వాతది నలభై ఒకటో రోజు. రాయడానికి దాన్ని తీసి చదివాను. "ఇప్పుతావు కదేటి?" అన్నాడు అప్పలసూరి. కలం కింద పెట్టేశాను.

అతనికి వరస తెలుసు. ఆరునెలలకోసారి అదే వరస చూసినవాళ్ళందరికీ తెలుసు. తెలిసినవాడు చూపు లేకపోయినా సరిగ్గానే చెప్తాడు, నేను చెప్పలేదూ? ఈ అయిదున్నర నెలల్లో నూట నాలుగు మంది నా కుర్చీలో కూర్చున్నారు. వాళ్ళలో ఎవరు చూసి చెప్పారో, ఎవరు గుర్తుంచుకుని చెప్పారో నాకు తెలియదు. మళ్ళీ పిలవమని బోర్డుని అడగాలి. నీకెలా తెలుసు అంటారు. ఎలా తెలుసో చెప్పాలి.

రోజు 172

కొత్త పుస్తకం పొయ్యిలో పెట్టాను. బోర్డుకి రెండు పేజీల ఉత్తరం రాశాను. మొదటి పేజీలో నా కళ్ళు, రెండో పేజీలో నూట నాలుగు పేర్లు. వరస వెంటనే మార్చాలని, వీళ్ళందరినీ మళ్ళీ పరీక్ష చెయ్యాలని రాశాను. పోస్టులో వేసేటప్పుడు చెయ్యి డబ్బాలోంచి తియ్యడానికి చాలాసేపు పట్టింది.

జరీనా నా పక్కన వచ్చి కూర్చుని, "పిచ్చిదానా" అంది.

రోజు 177

బోర్డు జవాబు వచ్చింది. మొదటి పేజీకి వెంటనే ఇచ్చారు. లైసెన్సు లేదు. హార్బరు పోస్టు రద్దు. నూట ఎనభయ్యో రోజు సాయంత్రం రేకు అంటిస్తారు. రెండో పేజీకి మాత్రం, శిక్షణ పూర్తికాని అభ్యర్థి అనుమానం మీద ఇంతమందిని పిలవడం కుదరదని, విషయం పరిశీలనలో ఉందని రాశారు.

మేడమ్ ఉత్తరం చదివి బల్ల మీద విసిరింది. ఆవిడ విసరగా చూడటం ఇదే మొదటిసారి. "పరిశీలనేమిటి, నేను పిలుస్తాను. పైనుంచి మొదలుపెడదాం" అని పేర్ల జాబితా తీసింది. రేపు క్రేన్లవాళ్ళ దగ్గరికి ఆవిడ, జరీనా వెళ్తారు. తీగ స్టేషనుకి నేను వెళ్తానన్నాను.

"నువ్వు పరీక్ష చెయ్యకూడదు" అంది మేడమ్.

"పరీక్ష కాదు మేడమ్. లైసెన్సు లేకపోయినా వేళ్ళు నావే."

రోజు 178

అడుగడుగుకీ తల వంచి చూసుకుంటూ స్టేషనుకి వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. ఆకాశం నల్లగా ముసురుకుంది. అప్పలసూరి డ్యూటీ దిగి విశ్రాంతి గదిలో అన్నం తింటున్నాడు.

"ఏటి డాక్టరమ్మా, ఇలాగొచ్చినావు?"

"డాక్టరమ్మని కాను, ఇంక కాబోను. రేకులు తీసి ఒకసారి నా ముక్కు చూడు."

"ఆర్నెల్లు అవనేదు కదా?"

"అవలేదు. నాకు నీ మీద అనుమానం."

నవ్వుతూనే రేకులు తీసి, ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టుకుని కూర్చున్నాడు. నేను వరస వదిలేశాను. పైన నాలుగు, కింద మూడు, కింద ఒకటి, తర్వాత కిందే గుప్పిట.

"నాలుగు. మూడు. ఒకటి. ఇదేటి, మూసేసినావు?"

రెండో కన్నూ అంతే. ఎక్కడా తడుముకోలేదు. ఆ మనిషికి నా కంటే, మేడమ్ కంటే కూడా మంచి చూపుంది. నాకు ఒళ్ళు మండిపోయింది, ఏడుపూ వచ్చింది. ఇతని గురించేనా నేను అంతా రాసిచ్చేసింది?

"మరి ఆ రోజు నేను వేళ్ళు విప్పకముందే ఎందుకు చెప్పావయ్యా?"

"తొందరమ్మా. బండి ఉండిపోనాది. అయినా అదెవులికి తెల్దు? అదిగో."

మంచం పక్క గోడ మీద బొగ్గుతో పెద్ద అంకెలు రాసి ఉన్నాయి. రెండు, ఒకటి, అయిదు, రెండు. చెరిగిపోయిన చోట మళ్ళీ దిద్దారు కూడా.

"నీకు కళ్ళు బాగానే ఉన్నాయిగా. ఇది ఎవరికోసం?"

అప్పలసూరి మళ్ళీ కంచం ముందుకు లాక్కున్నాడు.

"మా సింహాచలం మావకి," అన్నాడు మెల్లిగా. "మాకందరికీ పని నేర్పినోడు. కాళ్ళ కాడ కొంచెం మసకన్నాడు, అంతే. ఇంకో రెండేళ్ళుంటే ఆడే దిగిపోతాడు. మజ్జిలో ఇంటికి పంపీడానికి మాకు మనసొప్పనేదమ్మా. ఆడికి తీగ తప్ప ఏటీ నేదు."

సింహాచలం. ఆ పేరు నా జాబితాలో ఉంది. తెల్ల మీసాల ముసలాయన, ప్రతి అంకెకీ ముందు చిన్నగా దగ్గాడు. అన్నీ సరిగ్గా చెప్పాడని రాసింది నేనే.

"ఇప్పుడెక్కడున్నాడు?"

అప్పలసూరి కిటికీలోంచి పైకి చూశాడు. స్టేషను గోపురం మీద, దిగే బండ్లకి చేత్తో బ్రేకు వేసే గదిలో దీపం వెలుగుతోంది. రెండు బండ్లు మబ్బులోంచి కిందికి వస్తున్నాయి. ప్లాట్‌ఫారం అంచున జనం మూటలతో నిలబడ్డారు. ఎక్కడో దూరంగా ఉరిమింది.

"తీగ ఆపించు."

"బోర్డు కాయితం ఉందా? నీకు లైసెన్సన్నా..."

"లేదు. ఏదీ లేదు. ఆపించు అప్పలసూరీ."

అప్పలసూరి కంచం వదిలేసి, చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తాడు. చక్రం మూలుగుతూ నెమ్మదించి ఆగింది. బండ్లు గాల్లో ఊగుతూ నిలబడ్డాయి. లోపలివాళ్ళు తిట్టడం మొదలుపెట్టారు, ప్లాట్‌ఫారం మీదవాళ్ళు అందుకున్నారు. నేను ఇనుప కమ్మీ పట్టుకుని, ఒక్కో మెట్టునీ కాలితో తడుముకుంటూ పైకెక్కాను.

సింహాచలం బ్రేకు కొయ్య వదలకుండా కూర్చుని ఉన్నాడు. "ఎవులు ఆపమన్నారు?" అన్నాడు గుమ్మం వైపు తిరిగి.

"నేనే తాతా. నిన్ను పరీక్ష చేసిన పిల్లని."

"పాసు సేసినావు కదా?"

"చేశాను. తప్పు చేశాను. రేకులు తియ్యి తాతా, ఒక్కసారి."

తియ్యడేమో అనుకున్నాను. తీశాడు. అప్పుడే పిడుగు పడింది, గదంతా తెల్లబడి మళ్ళీ చీకటైంది. కింద ప్లాట్‌ఫారం మీద రేకులు ఆగిపోయి జనం కేకలు పెడుతున్నారు. చక్రం ఆపేసి ఉండటంతో గాల్లో బండ్లు కదలకుండా ఉన్నాయి. ముసలాయన ఆ కేకలు వింటూ బ్రేకు కొయ్యని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. నేను అతని ఎదురుగా మోకాళ్ళు తగిలేలా కూర్చుని, కింద, అతని మోకాలి పక్కన చెయ్యి పెట్టాను.

"నా ముక్కే చూడు. ఎన్ని వేళ్ళు?"

చిన్నగా దగ్గాడు. "అయి..." అని ఆగిపోయాడు.

"వరస వద్దు తాతా. నాక్కూడా అక్కడ కనిపించదు."

ముక్కు వదిలి నా కళ్ళలోకి చూశాడు. "నీకా?" అన్నాడు. "ఇంత సిన్నపిల్లవి."

"ఊఁ. ఎన్ని వేళ్ళు పెట్టానో నాకూ అవుపడటం లేదు."

సింహాచలం బ్రేకు కొయ్య వదిలాడు. ఆ చెయ్యి గాల్లో అటూ ఇటూ వెతుక్కుంటూ కిందికి దిగి నా చేతిని పట్టుకుంది. బొటనవేలితో నా వేళ్ళని ఒక్కొక్కటే తడిమాడు, మూసి ఉన్నవాటినీ, విప్పి ఉన్నవాటినీ.

"మూడు," అన్నాడు.